ఉప్పునీళ్ళ కోసం పాంటూన్ బోటు కొంటున్నారా? డీలర్ మాట నమ్మకండి, వారంటీ కాగితం చదవండి

మంచు కురిసే చోటు నుంచి చలికాలం సెలవులకు పాంటూన్ బోటును (గాలి గొట్టాల మీద తేలే చదునైన బోటును) ట్రెయిలర్ మీద లాక్కుని దూరంగా సముద్ర తీరానికి వెళ్దామనుకునేవాళ్ళు, అడ్వాన్సు కట్టేముందు ఇది చదవండి. మాకు అమ్మిన డీలర్ "ఉప్పునీళ్ళలో నిశ్చింతగా తిప్పుకోండి, వాడాక మంచినీళ్ళతో కడిగితే చాలు" అన్నాడు. వాడిన ప్రతిసారీ కడిగాం. తిరిగొచ్చి చూస్తే ఇంజిన్ బిగించిన చోట, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల చుట్టూ రంగు బొబ్బలెక్కి ఉంది. గోటితో గీకితే తెల్లటి పొడి రాలింది. దాని కింద అల్యూమినియం నిండా సన్నటి గుంటలు.

కడిగితే ఆగే జబ్బు కాదిది. బోటును తేల్చే గొట్టాలు అల్యూమినియంవి. సముద్రపు నీళ్ళలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది, కాబట్టి కరెంటు బాగా పారుతుంది. అందులో స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ మునిగి ఉంటే అదొక బ్యాటరీ అయిపోతుంది, తినేసేది అల్యూమినియంనే. దాని బదులు అరిగిపోవడానికే యానోడ్ అనే లోహపు ముక్కను బిగిస్తారు. "ఇదిగో యానోడ్" అని డీలర్ వేలు పెట్టి మరీ చూపించాడు. తీరా అది మెగ్నీషియంది, మంచినీటి చెరువులకు పనికొచ్చేది. ఉప్పునీళ్ళలో అది చాలా త్వరగా హరించుకుపోతుంది. అక్కడ కావలసింది జింక్‌దో, అల్యూమినియం మిశ్రమానిదో. యానోడ్ ఉందా అని కాదు, ఏ లోహంది అని అడగండి.

క్లెయిమ్ పెడితే కంపెనీ ఒక్క ముక్కలో తేల్చేసింది: ఉప్పునీటి తుప్పుకు వారంటీ వర్తించదు. చాలా పాంటూన్ కంపెనీల కాగితాల్లో ఇలాంటి షరతు ఉంటుంది. సాల్ట్‌వాటర్ ప్యాకేజీ (ఉప్పునీటిని తట్టుకునే అదనపు ఏర్పాట్లు) అని విడిగా తీసుకుంటేనే కొందరు కొంత ఒప్పుకుంటారు. డీలర్‌ని నిలదీస్తే "తిప్పుకోవచ్చన్నాను గానీ, వారంటీ ఉంటుందన్నానా?" అన్నాడు. ఆ తెలివికి దండం పెట్టాలి!

ట్రెయిలర్ కథ ఇంకా ఘోరం. మాకు అంటగట్టింది ఉత్త రంగేసిన ఇనుప ఫ్రేము. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు కదా, అంటే సముద్రం చేరకముందే దారి పొడవునా ఉప్పు పట్టడం మొదలైందన్నమాట. ఆపైన దించేటప్పుడు, ఎక్కించేటప్పుడు చక్రాలు సముద్రంలో మునుగుతాయి. చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములోకి చేరిన ఉప్పునీళ్ళు పైపైన కడిగితే పోవు. మెకానిక్ చక్రం విప్పితే బ్రేకు డ్రమ్ములోంచి తుప్పు రేకులు రేకులుగా ఊడిపడింది. గాల్వనైజ్డ్‌ది (జింక్ పూత వేసిన ఇనుముది) గానీ అల్యూమినియంది గానీ ఇవ్వకపోతే ఆ ట్రెయిలర్ వద్దనండి. డ్రమ్ములోకి మంచినీళ్ళు ఎక్కించే కడుగుడు కిట్ ఉందో లేదో కూడా చూసుకోండి. దూరప్రయాణం తర్వాత వేడిగా ఉన్న హబ్‌లను (చక్రాల మధ్యభాగాలను) వెంటనే చన్నీళ్ళలో దించితే లోపలి గాలి కుంచించుకుని నీళ్ళను బేరింగుల్లోకి లాగేసుకుంటుంది, కాసేపు చల్లారనివ్వాలి. ఇది కూడా మాకెవరూ చెప్పలేదు.

మెరీనాలో (బోట్లు నిలిపే రేవులో) బోటును నీళ్ళలోనే వదిలేస్తామంటే, నాచు పట్టకుండా అడుగున రంగు వేస్తామని వస్తారు. రాగి కలిసిన రంగైతే దగ్గరికి రానివ్వకండి, అల్యూమినియంకు అది విషం. తిరుగు ప్రయాణంలో మళ్ళీ గడ్డకట్టే చలిలోకి వెళ్తారు కాబట్టి, ఇంజిన్‌ను మంచినీళ్ళతో ఫ్లష్ చేశాక నిలువుగా దించి లోపలి నీళ్ళన్నీ కారిపోయేదాకా ఉంచండి. లేదంటే గడ్డకట్టి పగులుతుంది.

బేరం కుదుర్చుకునే రోజే "ఉప్పునీటి వాడకానికి వారంటీ ఉంది" అని బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. నసిగితే లేచి వచ్చేయండి. సెలవులకు మాత్రమే సముద్రం కావాలనుకుంటే అక్కడే అద్దెకు తీసుకోవడం నయం.

ప్రస్తుతానికి ట్రెయిలర్ బ్రేకుల ఖర్చులో సగం భరిస్తానంటున్నాడు డీలర్. బోటు మాటెత్తితే మాత్రం ఫోన్ పెట్టేస్తున్నాడు.