జాజికి పందిరా, గోడా?

ఆపిల్ కొమ్మల్ని చేతులు చాపినట్టు రెండు వైపులా తీగలకు కట్టి గోడకు పరిచిన ఫొటోలు చూసి, మన విశాఖలో పెరడున్నవాళ్లు అలాంటిదే కావాలంటున్నారు. ఆపిల్ ఇక్కడ కుదరదు. మామూలు రకాలకు శీతాకాలంలో 7 డిగ్రీల లోపు చలి వందల గంటలు తగలాలి. మనకు జనవరి రాత్రి కూడా 15 డిగ్రీల పైనే ఉంటుంది. కానీ ఆ పద్ధతి జాజికి చక్కగా నప్పుతుంది.

నిలువుగా లేచిన కొమ్మలో కొస మొగ్గదే పెత్తనం. కింది మొగ్గల్ని లేవనివ్వదు. కొమ్మను పడుకోబెడితే కణుపు కణుపుకూ చిగురు వస్తుంది. జాజి పూసేది ఆ కొత్త చిగుళ్లకే.

పందిరి మీదా కొమ్మలు పడుకుంటాయి కదా అంటారు. నిజమే. కానీ మొదలు బోసిపోతుంది, పూలన్నీ పైకప్పు మీద విచ్చుకుంటాయి, కోయడానికి నిచ్చెన కావాలి. మా అత్తగారికి 78 ఏళ్లు. గోడకు కట్టాక సాయంత్రాలు మొగ్గలు ఆవిడే కోసుకుంటున్నారు. ఇక గాలి సంగతి. 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుఫాను రోజున, మా పాత పందిరి గుంజలతో సహా లేచిపోయింది, జాజి మొదలంటా చీలింది. ఎదురింటి గోడకు కట్టిన జాజికి ఆకు మిగల్లేదు గానీ కొమ్మలు తీగల్నే పట్టుకుని ఉన్నాయి. అప్పటి నుంచి నా ఓటు గోడకే.

జీఐ తీగలు (జింకు పూత ఉన్న ఇనుప తీగలు) నేల నుంచి మూరెడు ఎత్తులో మొదలుపెట్టి, అడుగుకొకటి లాగండి. గోడకూ తీగకూ మధ్య బెత్తెడు సందు ఉంచండి, లేకపోతే ఆకుల వెనక గాలాడదు. అరటినారతో వదులుగా కట్టండి. కొమ్మ లేతగా ఉన్నప్పుడే వంచాలి, ముదిరితే విరుగుతుంది. తూర్పు గోడ మేలు. పడమటి గోడ మే నెలలో రాత్రి దాకా సెగ కక్కుతుంది. బీచ్ వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ఆకు అంచులు మాడతాయి, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగండి.

కత్తిరింపులో మాత్రం ఆపిల్ పాఠం పనికిరాదు. ఆపిల్ పూసేది రెండేళ్లు, ఆ పైబడిన కొమ్మల మీది పొట్టి రెమ్మలకు కాబట్టి వాటిని కాపాడుకుంటారు. జాజికి పాత పక్కకొమ్మలు ఉంచుకుంటే పొదే మిగులుతుంది. సంక్రాంతి వెళ్లాక ప్రతి పక్కకొమ్మనూ రెండు మూడు కణుపులు మిగిలేలా కొట్టి, పశువుల ఎరువు వేసి నీళ్లు పెట్టండి. పందిరి మీద ఈ పని సగంలోనే వదిలేస్తాం, పైకి చెయ్యి అందదు గనుక.

గుండుమల్లెను మాత్రం రెండింటికీ ఎక్కించొద్దు. నవంబరు చివర్లో మూరెడు ఎత్తుకు కొట్టి పొదగానే ఉంచండి.

డాబా మీద నీడే కావాలన్నా, గోడకు పూటంతా ఎండ పడకపోయినా పందిరి వేసుకోండి. ఇనుప గొట్టాలతో, చెయ్యెత్తితే అందేంత ఎత్తులోనే వేయించండి.