ఆరేళ్ల పీహెచ్‌డీలో నేను వాడినవి: ఏది పనికొచ్చింది, ఏది సర్టిఫికెట్‌తో సరిపెట్టింది

పోయిన నెల థీసిస్ ఇచ్చేశాను. చేరింది 2019లో. మధ్యలో కోవిడ్, పెళ్లి, పాప, 240 రోజుల మెటర్నిటీ సెలవు, అన్నీ కలిపి ఆరేళ్లు దాటిపోయాయి. ఆడవాళ్లకి రెండేళ్లు ఎక్కువ ఇస్తారన్న రూల్ పుణ్యమా అని బతికిపోయాను. ఇప్పుడు కొత్తగా చేరిన చెల్లెళ్లూ తమ్ముళ్లూ "అక్కా, ఏ వర్క్‌షాప్‌కి వెళ్లమంటావు, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటావు" అని రోజుకొకరు అడుగుతున్నారు, ఒక్కొక్కరికీ చెప్పలేక ఇది రాస్తున్నా. మా యూనివర్సిటీ పేరు చెప్పను. ఇందులో ఫిర్యాదులున్నాయి, నా వైవా ఇంకా కాలేదు.

నాది ఎకనామిక్స్. విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర, పెదజాలరిపేట వైపు ఎండు చేపలు అమ్ముకునే ఆడవాళ్ల ఆదాయం, అప్పులు, ఇదీ నా టాపిక్. కాబట్టి ల్యాబ్‌లో పనిచేసే సైన్స్ వాళ్లకి ఇందులో సగం పనికిరాకపోవచ్చు.

ముందు జర్నల్స్ సంగతి. మొదటి రెండేళ్లు క్యాంపస్ వైఫైలో కూర్చుంటేనే పేపర్లు తెరుచుకుంటాయని గట్టిగా నమ్మాను. గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా బస్సులో గంట నిలబడి వచ్చి, ఇరవై పేపర్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, మళ్లీ గంట నిలబడి ఇంటికి. మూడో ఏడాది లైబ్రరీలో ఒక సార్ మాటల మధ్యలో "ఇన్‌ఫెడ్ ఐడీ తీసుకోలేదా అమ్మా?" అన్నారు. అది యూనివర్సిటీ లైబ్రరీలని కలిపే యూజీసీ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల లాగిన్, అది ఉంటే ఇంట్లో కూర్చునే లైబ్రరీ కొన్న జర్నల్స్ చదువుకోవచ్చు. ఓరియెంటేషన్‌లో రెండు గంటలు యూనివర్సిటీ చరిత్ర చెప్పారు కానీ ఈ ఒక్క ముక్క చెప్పలేదు. మీరు చేరిన వారంలోనే లైబ్రరీకి వెళ్లి ఐడీ అడగండి, ఎవరూ పిలిచి ఇవ్వరు. 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కూడా వచ్చింది, అంటే అందరి తరఫునా కేంద్ర ప్రభుత్వమే జర్నల్స్‌కి చందా కట్టే పథకం: మూడేళ్లకి 6,000 కోట్లు, 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్. నాకది ఆఖరి ఏడాదిలో దొరికింది, అయినా అంతకుముందు సారాంశం మాత్రమే చదివి వదిలేసిన పేపర్లు ఓ డజను పూర్తిగా చదవగలిగాను. ఒక చిక్కుంది, ఇది ముందుగా ప్రభుత్వ సంస్థలకే. ప్రైవేటులో చేస్తున్న మా మరదలికి ఇప్పటికీ రాదు, తనకి కావలసినవి నన్నే అడుగుతుంది.

శోధ్‌గంగకి మాత్రం ఐదుకి ఐదు. యూజీసీ 2009లో థీసిస్‌లు ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని రూల్ పెట్టబట్టి దేశంలోని థీసిస్‌లన్నీ ఒకచోటికి చేరడం మొదలైంది, ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. మావాళ్లు చాలామంది దాన్ని లిటరేచర్ రివ్యూ కోసం తెరుస్తారు (కొందరు ఎత్తిరాయడానికి కూడా, అది తర్వాత చెప్తా). నేను ఎక్కువగా తెరిచింది అనుబంధాలు. చాప్టర్లు విడివిడి ఫైళ్లుగా ఉంటాయి కదా, నేరుగా చివరి ఫైలు తెరిస్తే అక్కడ ప్రశ్నావళి ఉంటుంది. చేపల అమ్మకం మీద కేరళలో, తమిళనాడులో చేసిన వాళ్లు ఏం అడిగారో, ఎలా అడిగారో చూసి నేర్చుకున్నంత ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. వెతకడం మాత్రం విసుగు. తెలుగు పదాలని ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, జాలరి అనే మాటకే నాలుగు స్పెల్లింగులు కొట్టి చూడాలి. పాతవాటిలో కొన్ని స్కాన్ చేసిన బొమ్మలే, లోపల పదం వెతకడం కుదరదు.

ఇక ట్రైనింగులు. ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పాలి.

నా కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో 41 సర్టిఫికెట్లున్నాయి. అందులో ముప్ఫై దాకా 2020, 2021లో వచ్చినవే, లాక్‌డౌన్‌లో జూమ్ పెట్టిన ప్రతి కాలేజీ ఒక జాతీయ వెబినార్ చేసింది, మనం కెమెరా ఆపేసి వంట చేసుకుంటూ విన్నాం, చివర్లో ఫీడ్‌బ్యాక్ ఫారం నింపితే సాయంత్రానికి సర్టిఫికెట్ మెయిల్‌లో. ఒకసారి నేను చేరకుండానే ఫారం లింకు గ్రూపులో వస్తే నింపాను. సర్టిఫికెట్ వచ్చింది. మొత్తం 41లో నా థీసిస్‌లో ఒక్క పేజీనైనా మార్చినవి నాలుగు.

ఆ నాలుగింటిలో మొదటిది ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధనకి డబ్బిచ్చే కేంద్ర సంస్థ) నిధులతో జరిగే పది రోజుల రీసెర్చ్ మెథడాలజీ కోర్సు. నేను వెళ్లింది వేరే జిల్లాలో, పాపని అమ్మ దగ్గర వదిలి వెళ్లాను. మొదటి ఐదు రోజులూ మామూలే, రీసెర్చ్ అంటే ఏమిటి, శాంపిల్ అంటే ఏమిటి. ఆరో రోజు ఒక మేడమ్ వచ్చి పీపీటీ ఏమీ తెరవకుండా "మీ షెడ్యూళ్లు బయటికి తీయండి, ఇద్దరిద్దరు కూర్చోండి, ఒకరినొకరు అడగండి" అన్నారు. షెడ్యూల్ అంటే మనం మనుషుల్ని అడిగి నింపుకునే ప్రశ్నావళి. నా జోడీగా ఎవరూ మిగలకపోతే ఆవిడే వచ్చి నా ముందు కూర్చున్నారు, చేపలమ్మే ఆవిడగా. పది ప్రశ్నలు బాగానే సాగాయి. పదకొండో ప్రశ్న, "మీ నెల ఆదాయం ఎంత?"

"ఏ నెల తల్లీ?" అన్నారు.

నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్ల వేట నిషేధం, ఆ రోజుల్లో పచ్చి చేప తక్కువ, ఎండు చేప ధర వేరు, సరుకు ముందే కొని దాచుకున్నవాళ్ల లెక్క వేరు, అప్పు చేసి కొన్నవాళ్ల లెక్క ఇంకా వేరు. వర్షాకాలంలో ఎండబెట్టడమే కుదరదు. ఈ ఆడవాళ్లకి నెల ఆదాయం అనే వస్తువే లేదు. ఇదంతా నాకు తెలుసు, నా రెండో చాప్టర్‌లో నేనే రాశాను, అయినా ప్రశ్న మాత్రం ఎక్కడో చూసిన నమూనాలోంచి తెచ్చి పెట్టేశాను. ఘోరం ఏమిటంటే అప్పటికే షెడ్యూల్ అచ్చేయించి 110 మందిని అడిగేశాను. హార్బర్‌లో ఒక ముసలావిడ నాతో ముందే అన్నారు, "నెల్లెక్క మాకేటి తెలుస్తాది పాపా, బుట్ట లెక్కయితే చెప్తాను" అని. నేను నవ్వి ఏదో ఒక అంకె వేసుకుని వచ్చేశాను. తిరిగొచ్చాక ఒక అదనపు కాగితం తయారు చేసుకున్నా: నిన్న ఎన్ని బుట్టలు కొన్నారు, డబ్బు ఎవరిచ్చారు, సాయంత్రానికి ఎంత మిగిలింది, నిషేధం రోజుల్లో ఇదే లెక్క ఎలా ఉంటుంది. ఆ 110 మందిలో 83 మంది మళ్లీ దొరికారు. "ఏటి పాపా, మళ్లీ వచ్చేసావు?" అని నవ్వారు కానీ టీ కూడా ఇప్పించారు.

నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఆ ఆరో రోజు నాకు మొదటి ఏడాదిలో రావలసింది. చేరిన మొదటి ఆరు నెలల కోర్స్‌వర్క్‌లో రిగ్రెషన్ అనే లెక్కల పద్ధతి చెప్పారు, చేతిలో డేటా లేదు, పరీక్ష రాసి మర్చిపోయాం. డేటా చేతికొచ్చాక అడుగుదామంటే ఆ సార్ రిటైరయ్యారు.

లెక్కల సాఫ్ట్‌వేర్ గురించి తొందరగా చెప్పేస్తా. ఎస్‌పీఎస్‌ఎస్ మా దగ్గర ఒకే కంప్యూటర్‌లో ఉండేది, వంతు కోసం పేరు రాసుకోవాలి. నేను జమోవి వాడాను, ఉచితం, మౌస్‌తోనే పనైపోతుంది, నా అవసరానికి సరిపోయింది. ఆర్ నేర్చుకోగలిగితే ఇంకా మంచిది, నాకు ఓపిక లేకపోయింది. ఐఐటీ బాంబే వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి, ఇంగ్లీషు వింటూ టైప్ చేయలేనివాళ్లు అవి చూడండి. "డేటా ఎనాలిసిస్ చేసి ఇవ్వబడును" అని గేటు దగ్గర కరెంటు స్తంభాలకి అంటించిన కాగితాలు చూసి మాత్రం వెళ్లకండి. మా సీనియర్ అన్న ఒకాయన వెళ్లాడు. టేబుళ్లు అందంగానే వచ్చాయి, ప్రీ సబ్మిషన్ సెమినార్‌లో "ఈ టెస్టే ఎందుకు చేశావు" అని అడిగితే నోట మాట లేదు.

పనికొచ్చిన రెండోది ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల వాళ్లు ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పేది) కోర్సు. వీడియోలు ఉచితం, పరీక్షకి నేను 1,000 రూపాయలు కట్టాను. వారం వారం అసైన్‌మెంట్లకి 25 మార్కులు, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకి 75. దీని గొప్పతనం పాఠంలో కంటే గడువులో ఉంది, పాప పడుకున్నాక రాత్రి పదకొండింటికి అసైన్‌మెంట్ పెట్టాలన్న టెన్షన్ ఉంటేనే నేను చదువుతానని అప్పుడే తెలిసింది.

మూడోది రీసెర్చ్ అండ్ పబ్లికేషన్ ఎథిక్స్, 30 గంటలు, రెండు క్రెడిట్లు, యూజీసీ అందరికీ తప్పనిసరి చేసింది. చాలామంది మొక్కుబడిగా కూర్చుంటారు. అది చదవకముందు నేను ఒక జర్నల్‌కి 3,500 కట్టాను. పేరు అసలైన జర్నల్‌దే, వెబ్‌సైట్ మాత్రం నకిలీ, మూడు రోజుల్లో పేపర్ అంగీకరించామని ఉత్తరం వచ్చింది, అప్పుడైనా అనుమానం రావాలి కదా, రాలేదు, స్వీట్లు కూడా పంచాను. ఐఎస్‌ఎస్‌ఎన్ (ప్రతి జర్నల్‌కీ విడిగా ఉండే గుర్తింపు) నంబరు, ఎడిటర్ల చిరునామా, జర్నల్ అసలు వెబ్‌సైట్, ఇవి ఎలా సరిచూసుకోవాలో ఆ క్లాసులో చెప్పారు. ఇప్పటివాళ్లకి ఇది ఇంకా అవసరం, ఎందుకంటే 2019లో మొదలైన యూజీసీ కేర్ లిస్టుని (మంచి జర్నల్స్ ఇవీ అని యూజీసీ ఇచ్చే జాబితా) 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, ఇక జర్నల్ మంచిదో చెడ్డదో మనమే తేల్చుకోవాలి. నాలుగోది రిఫరెన్సులు దాచి సర్దిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ మీద రెండు గంటల సెషన్, మా లైబ్రరీ వాళ్లే పెట్టారు, వచ్చింది ఏడుగురం. సర్టిఫికెట్ ఇచ్చినా మా గైడ్‌కి చూపించే స్థాయిలో లేదు. నాకు దక్కింది మాత్రం అన్నిటికంటే ఎక్కువ.

అప్పటిదాకా రిఫరెన్సులన్నీ చేత్తో టైప్ చేసేదాన్ని, 180 దాకా. జొటెరో ఉచితం, ఒక్క నొక్కుతో వర్డ్‌లో జాబితా తయారవుతుంది, స్టైల్ మార్చమంటే మళ్లీ ఒక్క నొక్కు. మన తెలుగువాళ్ల పేర్లతోనే తంటా. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అది చివరి మాటని ఇంటిపేరు అనుకుంటుంది, దాంతో నా మొదటి చాప్టర్‌లో ముగ్గురు వేర్వేరు పెద్దమనుషులు ఉత్త "రావు"లైపోయారు. ప్రతి పేరూ తెరిచి సరిచేసుకోవాలి, లేదా పేరంతా ఒకే గడిలో రాసే పద్ధతి ఉంది, అది వాడండి. ఆన్‌లైన్‌లో ఉచితంగా ఇచ్చేది 300 ఎంబీ, పీడీఎఫ్‌లు పెడితే రెండు నెలల్లో నిండుతుంది. నేను పీడీఎఫ్‌లు హార్డ్‌డిస్క్‌లోనే ఉంచి వివరాలు మాత్రం సింక్ చేశాను.

ప్లేజియరిజం (ఎత్తిరాత) చెకింగ్ అంటే అందరికీ భయం. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం వేరేచోట ఉన్న రాతతో పోలిక 10 శాతం దాకా ఫర్వాలేదు, 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. నాకు మొదటిసారి 27 వచ్చింది, గుండె ఆగినంత పనైంది. రిపోర్టు తెరిచి చూస్తే అందులో చాలావరకు నా సొంత పేపరే, మిగతాది రిఫరెన్సుల జాబితా. కొటేషన్లు, రిఫరెన్సులు లెక్కలోంచి తీయించమని మీరే అడగాలి, మీ పేపర్ వాడుకున్న చోట ఆ సంగతి రాయాలి. రెండోసారి 8. మా స్నేహితురాలు ఒకామె తెలుగులో థీసిస్ రాసింది, డీటీపీ అతను అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి తెలుగు అక్షరాలు) కొట్టాడు, చెక్ చేస్తే సున్నా శాతం! సంబరపడింది పాపం. సాఫ్ట్‌వేర్‌కి అది తెలుగులా కనపడనే లేదు, చెత్త అక్షరాలుగా చదువుకుంది. మళ్లీ యూనికోడ్‌లోకి మార్చి, మారని ఒత్తులన్నీ కూర్చుని దిద్దుకునేసరికి నెలన్నర. తెలుగులో రాసేవాళ్లు మొదటి రోజు నుంచే యూనికోడ్‌లో టైప్ చేయండి.

రాయడానికి చోటు కూడా ఒక సాయమే. ఇంట్లో పాప, డిపార్ట్‌మెంట్‌లో కబుర్లు. ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీలో కూర్చుని రెండు చాప్టర్లు పూర్తి చేశాను.

వైవా అయ్యాక నా థీసిస్ కూడా శోధ్‌గంగలో ఎక్కుతుంది. చివరి ఫైల్లో షెడ్యూల్, ఆ అదనపు కాగితం రెండూ ఉంటాయి, కావలసినవాళ్లు తీసుకోండి. అడిగింది అడిగినట్టే పెట్టాలి కాబట్టి పదకొండో ప్రశ్న అలాగే ఉంచాను, అది మాత్రం ఎత్తుకెళ్లకండి.