పెంపుడు జంతువుకు గడ్డ లేస్తే: సూది పరీక్ష మేలా, ముక్క పరీక్ష మేలా?

కుక్కకో పిల్లికో గడ్డ కనిపించినప్పుడు అదేమిటో తేల్చడానికి పశువైద్యుల ముందు ప్రధానంగా రెండు దారులు ఉంటాయి. సన్నని సూదితో గడ్డలోని కణాలను లాగి, స్లైడుపై పరచి, ఆరబెట్టి, రంగు వేసి చూడడం సూది పరీక్ష, అంటే సైటాలజీ. గడ్డలో కొంత భాగాన్ని గానీ మొత్తాన్ని గానీ కోసి, కణజాలం చెడకుండా ఉంచే ఫార్మలిన్ ద్రావణంలో వేసి, పలుచని పొరలుగా తరిగి చూడడం ముక్క పరీక్ష, అంటే బయాప్సీ. మొదటిదానికి సాధారణంగా మత్తు అక్కరలేదు, ఫలితం ఆ రోజే రావచ్చు. రెండోదానికి మత్తు, కుట్లు, కొన్ని రోజుల నిరీక్షణ తప్పవు. అయినా ఖర్చును బట్టో తొందరను బట్టో ఎంచుకోవడం సరికాదు. గడ్డ గురించి మనకు ఏ ప్రశ్నకు జవాబు కావాలో దాన్ని బట్టే ఎంచుకోవాలి.

సూదికి తేలిగ్గా రాలిపడే గుండ్రటి కణాల కణితుల విషయంలో సూది పరీక్షే మేలు. మన వీధికుక్కల్లో తరచుగా కనిపించే సంపర్క కణితి, అంటే టీవీటీ, దీనికి మంచి ఉదాహరణ. ఇది వైరస్ వల్ల వచ్చేది కాదు; కణితి కణాలే సంభోగ సమయంలో ఒక కుక్క నుంచి మరో కుక్కకు అంటుకుని అక్కడ పెరుగుతాయి. మామూలు కుక్క కణంలో 78 క్రోమోజోములు ఉంటే వీటిలో అరవైకి అటూ ఇటూగా మాత్రమే ఉండడం, ఈ కణాలు ఆ కుక్క సొంతవి కావనడానికి గట్టి ఆధారం. జననాంగం నుంచి రక్తం కారుతుంటే మూత్రనాళ వ్యాధిగా భావించి యాంటీబయాటిక్‌లతో కాలం గడిపేవారు ఉన్నారు. స్లైడుపై కణద్రవ్యంలో చిన్నచిన్న నీటిబుడగల్లాంటి ఖాళీలు వరుసగా కనిపిస్తే జబ్బు చాలావరకు తేలినట్టే. వారానికొకసారి ఇచ్చే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందుతో ఎక్కువ కుక్కలు కత్తి అవసరం లేకుండానే కోలుకుంటాయి.

మాస్ట్ కణాల (అలర్జీలో పాత్ర వహించే రోగనిరోధక కణాల) కణితి దగ్గర మాత్రం సూది జబ్బు పేరు చెప్పి ఆగిపోతుంది. ఊదారంగు రేణువులు నిండిన కణాలను చూసి రోగాన్ని గుర్తించవచ్చు గానీ (త్వరగా వేసే కొన్ని రంగులకు ఆ రేణువులు అంటవు, కాబట్టి రంగు ఏదో కూడా చూసుకోవాలి), అది ఎంత ప్రమాదకరమో సాధారణంగా ముక్కే చెప్పాలి. 2011లో ప్రతిపాదించిన రెండంచెల వర్గీకరణ ప్రకారం, సూక్ష్మదర్శినిలో హెచ్చు వృద్ధితో చూసిన పది క్షేత్రాల్లో విభజన చెందుతున్న కణాలు ఏడో అంతకు మించో ఉంటే, ఆ ఒక్క లక్షణంతోనే దాన్ని తీవ్ర శ్రేణిగా పరిగణిస్తారు. కోసిన అంచుల్లో కణితి మిగిలిందో లేదో తేల్చేదీ ముక్కే. ఇటుకలను చూసి ఇంటి ప్లాను చెప్పలేం కదా! అలాగని సూదిని దాటవేసి నేరుగా కోయడమూ తప్పే. చుట్టూ ఎంత మేర కండ తీయాలో శస్త్రచికిత్సకు ముందే తెలియడానికి సూది పరీక్షే ఆధారం.

పీచు కణజాలంలో పుట్టే క్యాన్సర్లు, అంటే సార్కోమాలు, సూదికి కణాలను సరిగా ఇవ్వవు. ఖాళీ స్లైడును చూసి ప్రమాదం లేదనుకోకూడదు. క్షీరగ్రంథి గడ్డల్లో కూడా ముక్కనే నమ్మాలి, ముఖ్యంగా పిల్లుల్లో, ఎందుకంటే వాటిలో ఈ గడ్డలు చాలావరకు క్యాన్సరే. మూత్రాశయపు లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ (కార్సినోమా) అనుమానం ఉంటే పొట్టలోంచి సూది గుచ్చడం నాకు సమ్మతం కాదు. సూది వెళ్లిన దారిలో కణాలు నాటుకునే ప్రమాదం ఉంది.

ఇన్ఫెక్షన్ల దగ్గర తూకం మళ్లీ మారుతుంది. ముక్కుదూలంపై వాపుతో వచ్చే పిల్లిని చూస్తే కణితి అనిపిస్తుంది, కానీ అది క్రిప్టోకాకస్ అనే శిలీంధ్రం కావచ్చు. మందపాటి తొడుగుతో ఉండే ఆ కణాలను సూది స్లైడు నిమిషాల్లో పట్టిస్తుంది. స్పోరోథ్రిక్స్ అనే మరో శిలీంధ్రం కూడా పిల్లి పుండ్లలో పుష్కలంగా కనిపిస్తుంది. అది మనుషులకూ సోకుతుంది కాబట్టి చేతి తొడుగులు తప్పనిసరి. నిలవనీటిలో పెరిగే, శిలీంధ్రంలా కనిపించే పిథియం లాంటి జీవులు మాత్రం కణజాలం లోతుల్లో కొద్దిగానే ఉండి మామూలు రంగులకు సరిగా కనిపించవు, వాటికి ముక్క తీసి, వెండి సమ్మేళనంతో చేసే ప్రత్యేక రంగు వేయించాలి. పిథియం నిజమైన శిలీంధ్రం కాకపోవడంతో సాధారణ శిలీంధ్ర నాశనులు దీనిపై అంతగా పనిచేయవు, అందుకే పేరు కచ్చితంగా తేలడం చికిత్సకు కీలకం.

ఇన్ఫెక్షన్ అనుమానం ఉన్నప్పుడు తీసిన ముక్కను రెండు చేయడం మంచిది. ఒక భాగం దాని పరిమాణానికి పదింతల ఫార్మలిన్‌లోకి, రెండోది కల్చర్ (సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి గుర్తించే పరీక్ష) కోసం శుభ్రమైన సెలైన్‌లోకి వెళ్లాలి, ఎందుకంటే ఫార్మలిన్‌లో పడిన సూక్ష్మజీవి ఇక పెరగదు. సూది స్లైడులను కూడా ఫార్మలిన్ సీసా ఉన్న పెట్టెలో పంపకూడదు, ఆ ఆవిరి తగిలితే రంగు సరిగా పట్టదు. రాజేంద్రనగర్‌లోనో తిరుపతిలోనో ఉన్న పశువైద్య కళాశాల ప్రయోగశాలకు పంపినా, ప్రైవేటు ల్యాబుకు పంపినా, గడ్డ ఎక్కడుందో, ఎన్నాళ్లుగా పెరుగుతోందో, అప్పటికే ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారో లేదో చీటీలో రాయాలి. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) ఉన్న కుక్కకు ఆ మందు ముందే పడితే వాచిన లింఫ్ గ్రంథులు తగ్గిపోయి, సూదీ ముక్కా రెండూ తప్పుదోవ పట్టించవచ్చు.