పక్షులు వాలకుండా పూసే జిగురు: డాబా మీద వాతావరణ కేంద్రం ఉన్నవారు దయచేసి కొనకండి

విజయవాడలో డాబాల మీద సొంత వాతావరణ కేంద్రాలు పెట్టుకున్నవారందరినీ హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. ఆ దుకాణం పేరు రాయడం లేదు గానీ, మనలో చాలామంది సెన్సర్లు, బ్యాటరీలు, సోలార్ పలకలు కొనేది అక్కడే కాబట్టి ఏ దుకాణమో మీకు వెంటనే తెలుస్తుంది. కడుపు మండిపోతున్నా, జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు మా అక్కావాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. మన వీధిలో ఎంత వాన పడుతున్నదో మనకే తెలియాలన్న పట్టుదలతో ఆ తరువాత వానను, గాలిని కొలిచే ఈ వాతావరణ కేంద్రం పరికరాన్ని కొని డాబా మీద పెట్టాము. చుట్టుపక్కల డాబాలన్నింటిలోనూ అదే ఎత్తైన చోటు కావడంతో పావురాలు, కాకులు దాని మీద చేరాయి. వర్షమాపకం గరాటులో రెట్టలు, ఈకలు పడి జాలీ పూడుకుపోయేది. దీనికి ఉపాయం అడిగితే, ఆ దుకాణం యజమాని పారదర్శకంగా ఉండే ఒక జిగురును చూపించి, ఇది ఎండకు కరగదనీ, సెన్సర్లకు ఏ హానీ చేయదనీ, ఏడాదిపాటు పూచీ తమదేననీ చెప్పారు. మనిషిని పంపి పూయించినందుకు కూడా కలిపి రూ.2,800 తీసుకుని, బిల్లు మీద ‘ఒక సంవత్సరం గ్యారంటీ’ అని తన చేత్తోనే రాసిచ్చారు.

వచ్చిన కుర్రవాడు గరాటు అంచు చుట్టూ, గాలివేగం కొలిచేందుకు తిరిగే కప్పులను మోసే కమ్మీ మీద, చివరకు గాలిదిశ చూపే రెక్క మీద కూడా ఆ జిగురును మందంగా పూసి వెళ్లాడు. రోహిణి కార్తె ఎండలకు అది పాకంలా కరిగి గరాటు లోపలి గోడల వెంట జారి, జాలీ మీద పేరుకుని, దాని మీద దుమ్ము పడి నల్లటి ముద్దగా మారింది. వర్షమాపకం లోపల తక్కెడలాంటి రెండు చిన్న గిన్నెలుంటాయి. 0.2 మిల్లీమీటర్ల వానకు సరిపడా నీరు చేరిన ప్రతిసారీ ఒక గిన్నె వాలి, లెక్క ఒకటి పెరుగుతుంది. పైన దారి మూసుకుపోతే గిన్నె వాలదు, లెక్క పెరగదు. తొలకరి వాన రాత్రంతా కురిసి మా వీధిలో మోకాలి లోతు నీరు నిలిచినా, ఇంట్లోని తెర మీద వాన సున్నా అనే ఉంది. తెల్లవారి ఎండ కాస్తున్న వేళ, గరాటులో నిలిచిన నీరు బొట్టుబొట్టుగా దిగుతూ, లేని వానను 0.2 చొప్పున చూపించసాగింది. వాన పడేటప్పుడు పడలేదనీ, పడనప్పుడు పడుతున్నదనీ చెప్పే పరికరాన్ని నమ్ముకుని ఎవరైనా ఇంట్లో నిద్రపోతే ఏమవుతుందో ఆలోచించండి.

అసలు ఘోరం డాబా ఎక్కిన తరువాత కనిపించింది. కమ్మీ మీది జిగురులో ఒక పిచ్చుక కూరుకుపోయి ఉంది. ఒక రెక్క విప్పుకునే అంటుకుపోయింది. కాళ్లు ఊడబెరుక్కోవాలని పెనుగులాడిన కొద్దీ పొట్ట మీది ఈకలు కూడా చిక్కుకున్నాయి. పాత పంచె ముక్కతో దానిని పట్టుకుని, వేలితో వంటనూనె రాస్తూ ఒక్కొక్క ఈకనే విడిపించాము. నా అరచేతిలో దాని గుండె కొట్టుకోవడం తెలుస్తూనే ఉంది. అది బతికింది గానీ, ఎగరలేక మా పిట్టగోడ మూలలోనే కూర్చుండిపోయింది. ఆ కుర్రవాడు అక్కడే పడేసి వెళ్లిన ఖాళీ ట్యూబును వెతికి చూస్తే, చిన్న పక్షులు వాలే చోట దీనిని వాడరాదని దాని మీదే ముద్రించి ఉంది. దీనిని చదివే అమ్మారో, చదవకుండానే అమ్మారో నాకు అనవసరం, రెండూ నేరమే.

ఆ ట్యూబు, ఫోటోలు, బిల్లు తీసుకుని దుకాణానికి వెళ్లాను. యజమాని ఫోటోల వైపు కన్నెత్తి చూడలేదు. “మాస్టారూ, పిట్టలు వాలకూడదన్నారు, వాలడం లేదు. వాన సంగతి మాకు సంబంధం లేదు, ఫోన్లో చూసుకోండి” అన్నారు. గ్యారంటీ మాట ఎత్తగానే, “ఏదీ, బిల్లు ఇటివ్వండి” అని నా చేతిలోంచి తీసుకుని, తాను రాసిన గ్యారంటీ వరుసను బాల్‌పెన్నుతో నా కళ్లముందే అడ్డంగా కొట్టేసి, కింద ‘సర్వీసు పూర్తి’ అని రాసి, మడిచి తిరిగి ఇచ్చారు. పక్కన మరో ఇద్దరు కొనుగోలుదారులు చూస్తూనే ఉన్నారు. డబ్బు పోయినందుకు కాదు, తన చేతిరాతనే తాను కొట్టేస్తూ ఆ మనిషి చేయి వణకనందుకు నాకు ఇప్పటికీ రక్తం ఉడుకుతోంది. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను, కొట్టివేత స్పష్టంగా కనిపించే బిల్లును దాచి ఉంచాను. మీలో ఎవరికైనా అక్కడ ఇలాగే జరిగి ఉంటే, బిల్లును వారి చేతికి ఇవ్వకముందే ఫోటో తీసుకోండి.

పక్షుల బెడదకు జిగురు అక్కరలేదు. గరాటు అంచు వెలుపల నల్లటి కేబుల్ టైలను దగ్గరదగ్గరగా బిగించి, తోకలు కత్తిరించకుండా నిటారుగా నిలబెడితే చాలు, అవి లోపలికి మాత్రం వంగకూడదు. కమ్మీ మీద స్టీలు ముళ్ల పట్టీ పెట్టవచ్చు గానీ, తిరిగే కప్పుల మీద, రెక్క మీద ఏదీ అంటించవద్దు, బరువు తేడా వస్తే గాలి లెక్క తప్పుతుంది. కొంచెం దూరంలో, ఇంతకంటే ఎత్తుగా ఒక అడ్డకర్ర నిలబెడితే చాలా పక్షులు దాని మీదికే పోతాయి. మనకు వినపడని శబ్దంతో పక్షులను తరుముతుందని అదే దుకాణంలో అమ్మే పెట్టెను కూడా కొనకండి, ఆ శబ్దం పావురాలకూ వినపడదు.

ఇప్పటికే జిగురు పూయించుకున్నవారు దానిని థిన్నరుతో తుడవవద్దు, ప్లాస్టిక్ పాడవుతుంది. వంటనూనెతో మెత్తబరిచి, సబ్బునీటితో కడిగి, మంచినీటితో బాగా జాడించండి. గిన్నెలకు మాత్రం నూనె తగలనివ్వకండి.