ఆగి చూద్దామా, ఆటో ఎక్కిద్దామా?

మా కుక్క బంటికి తిండి దగ్గర మర్యాద తెలియదు. గిన్నె ఇంకా చేతిలో ఉండగానే మూతి పెట్టేస్తుంది. అలాంటిది నిరుడు ఎండాకాలంలో ఒక సాయంత్రం పెరుగన్నం పెడితే వాసన చూసి తల పక్కకు తిప్పుకుంది. "ఎండలకు కుక్కలు సరిగ్గా తినవు బిడ్డా, రేపటికి అదే తింటుంది" అంది పక్కింటి పెద్దమ్మ. హనుమకొండ ఎండల్లో మనుషులకే ముద్ద దిగదు కాబట్టి నేనూ నమ్మాను. రెండో రోజు ఒళ్లు కాలుతున్నట్టు అనిపించి మందుల షాపుకు వెళ్లి అడిగాను. మనుషులకిచ్చే జ్వరం మాత్రలో సగం వేయమన్నారు, వేశాను. మూడో రోజు తెల్లవారేసరికి వరండాలో తెల్లటి టైల్ మీద నెత్తుటి చుక్కలు. ముక్కులోంచి కారుతున్నాయి.

రక్తపరీక్షలో తేలింది పిడుదుల జ్వరం. బంటి బతికింది. అయితే మూడు రోజుల్లో నేను మూడు దారులూ తొక్కాను: ఇంట్లో ఆగి చూడటం, మందుల షాపు, పశువైద్యుడు. వీటిలో ఏది ఎప్పుడు మేలు అన్నది అప్పటి నుంచి నన్ను వదలని లెక్క.

మందుల షాపును ముందే పక్కన పెట్టేస్తాను. ఆ మాత్ర ఇచ్చిన వారి మీద నాకు కోపం లేదు, అడిగింది నేనే. మన ఒంటినొప్పుల మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసిటమాల్ మోతాదు మించితే కాలేయానికీ రక్తానికీ చేటు. ముక్కు నుంచి రక్తం కారే జబ్బు లోపల ముదురుతుంటే, నేను దాని మీద జ్వరం మాత్ర వేశాను. పైగా జ్వరం కాసేపు దిగి, "తగ్గిందిలే" అని ఇంకో పూట ఆగేలా చేసింది. అల్మరాలో మిగిలిన యాంటీబయాటిక్ రెండు రోజులు వేసి ఆపేయడం కూడా ఈ కోవలోదే.

ఇక మిగిలింది ఆగడమా, వెళ్లడమా. ఆగడం అన్నివేళలా తప్పని కాదు. పెద్ద కుక్క గడ్డి తిని ఒకసారి పసుపు నురగ కక్కి, వెంటనే బంతి కోసం పరుగెత్తితే దానికి ఆటో అక్కర్లేదు. కొన్ని గంటలు తిండి ఆపి, నీళ్లు కొంచెం కొంచెంగా ఇచ్చి, తర్వాత మెత్తటి అన్నం పెడితే చాలు. కాలు కుంటుతున్నా నేల మీద ఆనిస్తూ, తింటూ ఉంటే ఒక రోజు కదలకుండా కట్టేసి చూడవచ్చు. గజ్జి, దురద కూడా గంటల్లో ప్రాణం తీసేవి కావు, వారంలో చూపించవచ్చు. కాకపోతే ఆ వారంలో కాలిన ఇంజన్ ఆయిల్, కిరోసిన్ పూయకండి. ఊళ్లలో ఇది ఇంకా వైద్యంగానే చెలామణి అవుతోంది. చర్మం కాలుతుంది, కుక్క నాకిందంటే విషం లోపలికి పోతుంది.

అదే వాంతి టీకాలు పూర్తికాని కుక్కపిల్లకు అయితే లెక్క తిరగబడుతుంది. పిల్ల నీరసంగా మూల చేరి, వాంతులతో పాటు దుర్వాసన కొట్టే నెత్తురు విరేచనాలు అవుతుంటే పార్వో అనే వైరస్ జబ్బని అనుమానించాలి. చంపేది ఎక్కువగా ఒంట్లో నీరు పోవడమే, అందుకే గంట గంటకూ విలువ ఉంటుంది. పిల్లను పస్తు ఉంచి చూద్దాం అనడం ఇక్కడ పనికిరాదు. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది కాబట్టి పిల్ల చనిపోయిన ఇంటికి వెంటనే టీకా లేని ఇంకో పిల్లను తేకూడదు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకొకటి చొప్పున నాలుగు నెలల వయసు దాకా వేయించాలి. మొదటి సూది వేయించి "అయిపోయింది" అనుకునే ఇళ్లే ఎక్కువ.

ఇంకో రకం వాంతి ఉంది, బయటికి ఏమీ రాదు. పెద్ద జాతి కుక్క, లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ వంటిది, పదే పదే డోకుతూ, పొట్ట డోలులా బిగిసి, కుదురుగా పడుకోలేక తిరుగుతుంటే లోపల జీర్ణాశయం మెలిక పడి ఉండవచ్చు. తెల్లారేదాకా ఆగితే దక్కదు. పత్తి చేన్ల వైపు ఉండేవారు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి: చొంగ ధారగా కారుతూ, కండరాలు అదురుతూ, కనుపాపలు చిన్నవైపోతే పురుగుమందు అయి ఉండవచ్చు. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నం చేయకుండా, మందు డబ్బా దొరికితే దాన్ని కూడా పట్టుకుని పరుగెత్తండి.

పిడుదుల జ్వరం దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఆగి చూసేవాడిని నిలువునా మోసం చేసే జబ్బు ఇది. పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలకు జ్వరం వస్తుంది, కుక్క తినదు, డీలాపడుతుంది. రెండు మూడు వారాలు అలా ఉండి, చాలాసార్లు దానంతటదే తేరుకుంటుంది. ఇంట్లోవాళ్లు "చూశావా, ఆసుపత్రి ఖర్చు తప్పింది" అనుకుంటారు. క్రిమి మాత్రం లోపలే ఉంటుంది. నెలలకో, ఏళ్లకో ఎముక మజ్జను దెబ్బతీసి, ప్లేట్‌లెట్లు పడిపోయి, ముక్కు నుంచి నెత్తురు కారేసరికి చికిత్స చాలా కష్టమవుతుంది. బంటికి అది రెండో జ్వరమని డాక్టర్ గారు అడిగేదాకా నాకు తట్టనే లేదు. "దసరా ముందు కూడా ఇలాగే రెండు వారాలు తినలేదా?" అన్నారు. తినలేదు. అప్పుడు ఆగి చూశాను, తగ్గింది, మురిసిపోయాను. మొదట్లోనే పట్టుకుంటే దాదాపు నాలుగు వారాల మాత్రలతో పోయే జబ్బు.

కాబట్టి నా కొలత ఇది. పెద్ద కుక్క ఒక పూట తినకపోతే ఆగుతాను. ఒక రోజంతా తినకపోతే వెళతాను. ఆ లోపు రెండు చూస్తాను. మొదటిది చిగుళ్లు. పైపెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలో మళ్లీ గులాబీ రంగుకు రావాలి. రాకపోయినా, ముందే పాలిపోయి ఉన్నా ఆలోచించేది లేదు. మన ఊరకుక్కల్లో చాలావాటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడాలి. రెండోది జ్వరం. ముక్కు తడిగా ఉందా, పొడిగా ఉందా అన్నది కొలమానం కాదు. మామూలు డిజిటల్ థర్మామీటర్‌కు కాస్త వాజిలీన్ రాసి మలద్వారంలో పెడితే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు మామూలే. మనకది జ్వరం, వాటికి కాదు. 104 దాటితే వెంటనే వెళ్లాల్సిందే. మే నెల ఎండలో రొప్పుతూ తూలిపోతుంటే మాత్రం ముందు నీడకు చేర్చి, ఒంటి మీద మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి, ఆ తర్వాతే ఆటో.

ఆడకుక్కల విషయంలో ఒక మాట. ఎద దాటిన నెల, రెండు నెలలకు నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి తగ్గిస్తే నెపం ఎండ మీదకు నెట్టేయకండి. గర్భసంచిలో చీము పట్టి ఉండవచ్చు. బయటికి చీము కారని రకమే మరింత ప్రమాదం.

వెళ్లేది ఎక్కడికి? టీకాలు, నట్టల మందు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వంటి తొందరలేని పనులకు నేను ప్రభుత్వ పశువైద్యశాలకే ఓటు వేస్తాను. ఖర్చు తక్కువ. రాత్రి పూటా, వెంటనే రక్తపరీక్ష, సెలైన్ కావాల్సినప్పుడూ దగ్గర్లోని ప్రైవేటు క్లినిక్ మేలు. జేబు తేలికవుతుంది, నిజమే. ముందు ఫోను చేసి డాక్టర్ ఉన్నారో లేదో కనుక్కోండి, మూసిన షట్టర్ ముందు పోయేది మీ సమయమే. జబ్బు అంతుపట్టనప్పుడు వరంగల్-ఖమ్మం రోడ్డులో మామునూరులోని పశువైద్య కళాశాల ఉంది. పల్లెల్లో తిరిగే 1962 నంబరు పశువైద్య వాహనం ప్రధానంగా పశువుల కోసం, అయినా దారి తోచనప్పుడు ఆ నంబరుకు ఫోను చేయడంలో నష్టం లేదు.

ఒక్క సందర్భంలో ఆగడమూ కాదు, ఆటో కూడా కాదు. కుక్క దవడ జారి, చొంగ కారుతూ, గొంతు మారి, నీళ్లు మింగలేకపోతే గొంతులో ఎముక ఇరుక్కుందని నోట్లో చేయి పెడతారు. అది రేబిస్ కావచ్చు. ముట్టుకోకుండా గదిలో పెట్టి తలుపు వేసి పశువైద్యుడికి ఫోను చేయండి. కరిచినా, గీరుకున్న చోట చొంగ పడినా సబ్బుతో పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి.

బంటి ఇప్పుడు మళ్లీ గిన్నె చేతిలో ఉండగానే మూతి పెడుతోంది. ఆదివారం పూట చెవి మడతలు, కాలివేళ్ల సందులు వెతికి, పట్టకారుతో పిడుదులను తలతో సహా లాగి స్పిరిట్ సీసాలో వేయడం నా పని. పిడుదు గోడ పగుళ్లలో వేల గుడ్లు పెడుతుందని తెలిశాక వరండా గోడకు సిమెంటు పూయించాను. నిన్న ఎడమ చెవిలో రెండు దొరికాయి. కుడి చెవి చూడనివ్వలేదు.