రోమన్ నాణేల ఆన్‌లైన్ డేటాబేస్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి దినారియస్‌లు దొరికాయి. వాటిలో ఎక్కువ భాగం అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. ఇలాంటి నాణేలను గుర్తించడం నేర్చుకోవాలనే నేను 'ఆన్‌లైన్ కాయిన్స్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్' వాడటం మొదలుపెట్టాను. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ, న్యూయార్క్ విశ్వవిద్యాలయంతో కలిసి నడుపుతున్న ఈ డేటాబేస్‌లో క్రీ.పూ. 31 నుంచి క్రీ.శ. 491 వరకు ముద్రించిన నాణేల రకాలు ఉన్నాయి. ఎవరైనా డబ్బు కట్టకుండా చూసుకోవచ్చు.

నాణెం ఏ రకానిదో తేల్చడంలో దీనికి సాటి లేదు. అరిగిపోయిన నాణెం మీద నాలుగు అక్షరాలు మిగిలినా చాలు, వాటికి లోహాన్ని, బొరుసు వైపున్న బొమ్మను జోడించి వెతికితే జాబితా బాగా కుదించుకుపోతుంది. టైబీరియస్ దినారియస్‌నే తీసుకుందాం. బొరుసు వైపు ఆసనం మీద కూర్చున్న స్త్రీ మూర్తి ఉంటుంది. ఆమెను చక్రవర్తి తల్లి లివియాగా చాలామంది భావిస్తారు. ఆ ఆసనపు కాళ్లు సాదాగా ఉన్నాయా, నగిషీతో ఉన్నాయా, కింద గీతలు ఎలా ఉన్నాయి అన్నదాన్ని బట్టే 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్' అనే ప్రామాణిక గ్రంథంలోని 26, 28, 30 సంఖ్యల రకాలు వేరవుతాయి. అచ్చు పుస్తకంలో ఒకటి రెండు ఫొటోలతో సరిపెట్టుకోవలసిన ఈ తేడాను, ఇక్కడ వేర్వేరు మ్యూజియంల నాణేలను పక్కపక్కనే పెట్టి చూసినప్పుడే నా కన్ను పట్టుకోగలిగింది. ప్రతి రకానికీ మారని వెబ్ చిరునామా ఉండటం వల్ల, బెర్లిన్ నాణెమైనా లండన్ నాణెమైనా వచ్చి ఒకే పేజీలో చేరుతుంది.

అయితే ఈ ఏర్పాటుకు ప్రమాణం నాణెపు రకమే గాని, విడి నాణెం కాదు. మన దేశంలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నింటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా గాటు ఉంటుంది, మరికొన్నింటి మీద చిన్న చిన్న ముద్రలు గుద్ది ఉంటాయి. ఆ నాణెం ఇక్కడికి వచ్చాక ఎవరి చేతుల్లో ఏమైందో చెప్పేవి అవే. మ్యూజియం వారు తమ వివరణలో రాస్తే తప్ప, ఆ గాట్లను బట్టి వెతకడానికి నాకు వీలు చిక్కలేదు. దొరికిన చోట్ల పటంలోనూ ఐరోపా కిక్కిరిసి ఉంటుంది, దక్కన్ మాత్రం వెలవెలబోతుంది. అది చూసి మన వైపు నాణేలు తక్కువగా దొరికాయని ఎవరైనా అనుకుంటే ఆ పొరపాటు వారిది కాదు, అక్కడికి చేరని సమాచారానిది.

నా దృష్టిలో ఈ పద్ధతి భవిష్యత్తు మన శాతవాహన నాణేల్లో ఉంది. బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం), ఇండో-గ్రీకు రాజుల నాణేలకు ఇదే తరహా డేటాబేస్ ఇప్పటికే వచ్చింది. శాతవాహనుల సీసపు నాణేలకు దాని అవసరం ఇంకా ఎక్కువ, ఎందుకంటే నాణెం ముద్రించే అచ్చు కంటే లోహపు బిళ్ల చిన్నదైనచోట బ్రాహ్మీ అక్షరాల్లో కొన్నే పడతాయి. రాజు పేరు పూర్తిగా చదవాలంటే ఒకే రకం నాణేలు చాలా కావాలి, అవేమో పలు మ్యూజియంలలో, ప్రైవేటు సేకరణల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. రెండు వైపులా ఫొటో, బరువు, దొరికిన చోటు ఒకచోట చేరితే, ముక్కలుగా ఉన్న ఆ పేర్లను కంప్యూటర్ తెర మీదే కలిపి చదవవచ్చు. దొరికిన చోటు నమోదై ఉన్న తవ్వకాల నాణేలతో, ముందుగా కోటిలింగాల, పెద్దబంకూరు నాణేలతో, ఈ పని మొదలుపెట్టాలని నా కోరిక.