మనాలిలో బైక్ వాష్ షాప్: వాష్‌కి 2 స్టార్లు, చైన్ పనికి 5

లేహ్ నుంచి మనాలి దిగేసరికి నా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 బైక్ ఏ కలరో నాకే డౌటొచ్చింది. మోరే ప్లెయిన్స్‌లో పట్టిన దుమ్ము, దాని మీద బారాలాచా కనుమ దగ్గర మంచు కరిగి రోడ్డు మీదకొచ్చిన నీళ్ల బురద, రెండూ కలిసి దిబ్బరొట్టెలా అట్టకట్టేశాయి. హోటల్ వాళ్లు చెప్తే ఊరి బయట ఓ వాష్ షాప్‌కి తీసుకెళ్లా, షాప్ పేరు రాయను గానీ.

వాష్ మాత్రం దారుణం. ప్రెషర్ గన్ తీసుకొని నేరుగా చక్రం బేరింగుల మీదకి, ఆయిల్ కూలర్ రెక్కల మీదకి కొడుతున్నాడు. ఆ రెక్కలు వంగితే గాలి ఆడదు, ఇంజన్ వేడెక్కిద్ది. భయ్యా దూరం నుంచి కొట్టు అని మూడుసార్లు చెప్పా, సైలెన్సర్ మూతికి కవర్ కూడా నేనే కట్టుకున్నా. 200 తీసుకున్నాడు.

కానీ పక్కనే కూర్చునే మెకానిక్ కుర్రాడు ఉన్నాడు చూడండి, వాడి కోసమైనా వెళ్లొచ్చు. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ ఆపేసి, వెనక చక్రం చేత్తో తిప్పుకుంటూ పాత టూత్‌బ్రష్‌తో కిరోసిన్ పెట్టి చైన్ రుద్దాడు, పెట్రోల్ వాడమంటే చైన్‌లో ఉండే ఓ-రింగులు, అంటే చిన్న రబ్బరు రింగులు, పాడైపోతాయని వాడే నాకు క్లాస్ పీకాడు. చైన్ నుంచి ఊడొచ్చిన మడ్డి, ఇసుకతో కలిసి నల్లటి మైనంలా ఉంది, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది, ఇదే కదా స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లని తినేసేది. గుడ్డతో ఆరబెట్టి, 90 నంబర్ గేర్ ఆయిల్ చైన్ లోపలి వైపు మాత్రమే పట్టించి, పది నిమిషాలాగి ఎక్కువైంది తుడిచేశాడు. మనం ఇంట్లో పైపైన పోసేసి జీన్స్ పాడు చేసుకుంటాం కదా, అందుకన్నమాట.

టైట్ చేసే ముందు చక్రం మొత్తం తిప్పి చైన్ ఎక్కడ బిగుతుగా ఉందో వెతికి అక్కడే లూజు చూశాడు, చక్రం వంకరగా కూర్చోకుండా ఇరుసు దగ్గర రెండు వైపులా ఉండే గీతలు సమానంగా పెట్టాడు. ఎయిర్ ఫిల్టర్ తీసి దులిపితే గ్లాసుడు దుమ్ము రాలింది, ఇది మార్చెయ్ అన్నాడు, నేను ఇంటికెళ్లాక అన్నా. మొత్తం 250, మిగిలిన ఆయిల్ దగ్గుమందు సీసాలో పోసిచ్చాడు.

పొద్దున్నే వెళ్లండి, సాయంత్రం అయితే టాక్సీలు క్యూ కట్టేస్తాయి. హైదరాబాద్ దాకా రెండు వేల కిలోమీటర్ల పైనే వచ్చా, ఆ సీసాలోది మధ్యలో నాలుగుసార్లు వేశానంతే, చైన్ కిక్కురుమనలేదు. వాష్ మాత్రం కుల్లు దాటకముందే వానకి పోయింది.